పోయిరా, కింగ్డా కా

2025 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున న్యూజెర్సీలోని జాక్సన్ టౌన్‌షిప్‌లో పేలుడు పదార్థాలు పెట్టి ఒక ఉక్కు గోపురాన్ని నేలకూల్చారు. కొన్ని సెకన్లలో పని అయిపోయింది. ఆ గోపురం ఎత్తు 456 అడుగులు, పేరు కింగ్డా కా. పులి పేరు మీద పెట్టిన పేరది. సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో 2005 మే 21న జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టి, 2024 నవంబర్ 10న చివరిసారి పరుగెత్తింది. ఇరవై ఏళ్లు నిండలేదు. అక్కడికి దగ్గర్లోనే న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఉన్న సైక్లోన్ అనే రోలర్ కోస్టర్ 1927 నుంచి తిరుగుతూనే ఉంది కాబట్టి, కోస్టర్ల లెక్కలో దీనిది అల్పాయుష్షే.

బతికినన్నాళ్లూ ప్రపంచంలో అంత ఎత్తయిన రోలర్ కోస్టర్ ఇంకొకటి లేదు. నలభై అయిదు అంతస్తుల ఎత్తు. విజయవాడ స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం పీఠంతో కలిపి 206 అడుగులు. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా కింగ్డా కా కొస అందడానికి ఇంకా 44 అడుగులు తక్కువవుతాయి. అంత ఎత్తుకు రైలు గొలుసు పట్టుకుని టకటకమంటూ నింపాదిగా ఎక్కేది కాదు. నేల మీద ఆగి ఉన్న రైలు మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగం అందుకుని, ఆ ఊపుతోనే నిట్టనిలువుగా ఎగబాకి, అవతలి వైపు మెలిక తిరుగుతూ నిట్టనిలువుగానే దిగేది. ఆ తర్వాత 129 అడుగుల గుట్ట ఒకటి దాటించి బ్రేకులు వేసేవాళ్లు. మొత్తం నిమిషం కూడా పట్టేది కాదు.

న్యూజెర్సీ తెలుగువాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. ఎడిసన్ నుంచి బయల్దేరితే గంటలోపే పార్కు. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తామామలు వస్తే లిబర్టీ విగ్రహం, నయాగరా, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి ఎలాగూ ఉంటాయి. పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంట్లో వేసవికి ఒక్కసారైనా గ్రేట్ అడ్వెంచర్ పడాల్సిందే. ఆ దారంతా పైన్ చెట్ల చదును నేల, కంటికి అడ్డం పడేది ఏదీ లేదు. చాలా ముందు నుంచే చెట్ల పైన ఆ ఆకుపచ్చ మలుపు కనిపించేది. కారు వెనక సీట్లో పిల్లల గోల అక్కడే మొదలు. ఒకసారి మాతో వచ్చిన మా పిన్ని దాన్ని చూసి, "ఇంతెత్తు సెల్ టవర్ ఎందుకు కట్టారురా వీళ్లు?" అంది. దాని మీదికి మనుషుల్ని కూర్చోబెట్టి పంపుతారని చెప్తే నమ్మలేదు. అంతలో ఒక రైలు కొస దాకా లేచి అవతలికి జారింది. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డబ్బులిచ్చి మరీనా?" అని మాత్రం అడిగింది.

ఎక్కినవాళ్లకు గుర్తుండేది గోపురం కన్నా ముందు వచ్చే ఆ నిరీక్షణ అని నా లెక్క. రైలు ప్లాట్‌ఫారం వదిలి మెల్లగా ముందుకొచ్చి, తిన్నని పట్టా మీద ఆగుతుంది. భుజాల మీద నుంచి దిగిన కడ్డీ ఛాతీకి ఆనుకుని ఉంటుంది. ఎదురుగా పట్టా, దాని చివర ఆకాశంలోకి లేచిన గోడ. పక్క సీట్లోంచి మా మేనల్లుడు, "మామయ్యా, కళ్లు మూసుకోకు, డబ్బులు దండగ" అన్నాడు. రైలు ఒక్క పిసరు వెనక్కి కదిలి ఆగింది. కింద కొక్కెం తగులుకున్న చప్పుడు. పట్టా పొడవునా నిలబడి ఉన్న బ్రేకు రెక్కలు కిందికి దిగిపోయాయి. ఇక అడ్డేమీ లేదన్నమాట. ఆ తర్వాతి క్షణం ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పరు.

వచ్చాక నోరు తెరిచే వ్యవధి ఉండదు. తల సీటుకు అతుక్కుపోతుంది, కళ్లలో నీళ్లు చెవుల వైపు పారతాయి, కడ్డీ అటూ ఇటూ చెంపలకు కొడుతుంది. నున్నని ప్రయాణం అని ఎవరూ అనలేదు, నేనూ అనను. పైకి వెళ్లాక మాత్రం ఒక్కసారిగా అంతా నెమ్మదిస్తుంది. ఆ కొస దగ్గర రైలుకు వేగం దాదాపు అయిపోయి ఉంటుంది. పక్కనున్న సఫారీ అడవి, పార్కింగులో అగ్గిపెట్టెల్లాంటి కార్లు ఒక్క రెప్పపాటు కనిపిస్తాయి. అంతే, ముక్కు కిందికి తిరుగుతుంది.

ఆ కొస దగ్గరి నెమ్మదిలోనే దీని కథంతా ఉంది. కాస్త లెక్క వేద్దాం. గాలి, రాపిడి అసలు లేవనుకుంటే 139 మీటర్ల ఎత్తు ఎక్కడానికి రైలుకు కావలసింది గంటకు 188 కిలోమీటర్ల వేగం. కింగ్డా కాకు ఇచ్చింది 206. రాపిడి లేని లోకంలో ఆ వేగంతో 167 మీటర్ల దాకా పోవచ్చు. అంటే గాలి తినేదానికీ, చక్రాలు తినేదానికీ కలిపి చేతిలో ఉన్న మిగులు 28 మీటర్ల ఊపే. ఎదురుగాలి కాస్త గట్టిగా వీచినా, చలికి చక్రాలు బిగిసినా, లాంచ్ రవ్వంత తగ్గినా ఆ మిగులు కరిగిపోయేది. అప్పుడు రైలు కొస దాకా వెళ్లి, దాటలేక, వచ్చిన దారినే వెనక్కి జారేది. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. డిజైన్‌లోనే ఊహించిన సంగతి కాబట్టి ప్రమాదం ఉండేది కాదు. దిగిపోయిన బ్రేకు రెక్కలు మళ్లీ పైకి లేచేవి, రైలు అడుగున ఉన్న అయస్కాంతాలు వాటిని దాటుతుంటే వేగం దానంతటదే చచ్చిపోయేది. కరెంటు పోయినా పనిచేసే బ్రేకు అది. తర్వాత మళ్లీ లాగి పంపేవాళ్లు. కోస్టర్ల పిచ్చి ఉన్నవాళ్లు రోల్‌బ్యాక్ దొరికితే లాటరీ తగిలినట్టు సంబరపడేవాళ్లు. నడిపేవాళ్లకు అది ఇంకో ఆలస్యం.

ఆ వేగం ఇచ్చిన యంత్రం గురించి కూడా చెప్పాలి, ప్రాణమూ అదే, రోగమూ అదే కాబట్టి. స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంటమిన్ సంస్థ తయారీ. పంపులు నూనెను తోస్తే, ఆ ఒత్తిడికి సిలిండర్లలో నైట్రోజన్ వాయువు నొక్కుకుపోతుంది. ఒక్కసారిగా వదిలితే ఆ నూనె మోటార్లను తిప్పుతుంది, మోటార్లు పెద్ద డ్రమ్మును తిప్పుతాయి, డ్రమ్ము కేబుల్‌ను చుట్టుకుంటుంది, కేబుల్ చివరి కొక్కెం రైలును లాక్కుపోతుంది. ఆ మూడున్నర సెకన్లలో పుట్టే శక్తి గరిష్ఠంగా 20,800 హార్స్‌పవర్. తర్వాత కొక్కెం వెనక్కి రావాలి, ఒత్తిడి మళ్లీ నిండాలి, మళ్లీ ఇదంతా. రోజంతా, ఎండలో, వానకు ముందూ తర్వాతా. అంత బలం క్షణాల్లో లాగి వదిలే యంత్రంలో కేబుల్ అరుగుతుంది, సీళ్లు కారతాయి, బోల్టులు వదులవుతాయి. మెకానిక్ ఎవరినడిగినా ఇదే చెప్తాడు.

పుట్టిన మూడో వారంలోనే తెలిసొచ్చింది. 2005 జూన్ 8న, కేబుల్ పరుగెత్తే కాలువలో ఒక బోల్టు ఊడి లోపలి తొడుగు వదులైంది. కేబుల్ దాన్ని ఒరుసుకుంటూ పోయింది, రైలుకు సరిపడా వేగం రాలేదు, కేబుల్‌తో పాటు బ్రేకు రెక్కలు కూడా దెబ్బతిన్నాయి. మళ్లీ తెరిచింది ఆగస్టు 4న. కొత్త ఆకర్షణ కోసం జనం ఎగబడే మొదటి వేసవిలో దాదాపు రెండు నెలలు మూత! 2009 మేలో పిడుగు పడింది, ఆగస్టు దాకా లేవలేదు. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను రోజుల్లో మళ్లీ దెబ్బతింటే తెరిచేసరికి 2012 ఏప్రిల్ అయింది. ఇవి పెద్ద జబ్బులు. గాలి ఎక్కువైందనో, వాన చినుకు పడిందనో, సెన్సర్ ఒకటి మొండికేసిందనో పూటకు పూట ఆగిన సంగతులకు లెక్క లేదు. చినుకు పడితే ఆపక తప్పదు మరి. ఆ వేగంలో వాన చుక్క ముఖానికి సూదిలా తగులుతుంది.

పార్కు యజమాని దీన్ని ఎలా చూస్తాడు? గంటకు 1,400 మంది ఎక్కుతారన్నది కాగితం మీది సామర్థ్యం. రైలుకు పద్దెనిమిది మంది. అంటే 46 సెకన్లకో రైలు వెళ్లాలి. దానికోసమే రెండు ప్లాట్‌ఫారాలు పక్కపక్కన కట్టి, రైల్వే వాళ్లలా పట్టా మార్చే ఏర్పాటు చేశారు. అన్నీ సవ్యంగా నడిస్తేనే ఆ లెక్క. ఒక రైలు వెనక్కి జారితే చాలు, లెక్క తప్పినట్టే. పార్కులో ఒక పెద్ద కోస్టర్ ఆగిపోతే దాని క్యూ గాల్లో కలిసిపోదు. పక్క కోస్టర్ల దగ్గర చేరుతుంది, అక్కడ గంట క్యూ గంటన్నర అవుతుంది, ఇంటికెళ్లేటప్పుడు మనుషుల ముఖాలు వేలాడతాయి. మళ్లీ ఏడాది సీజన్ పాస్ కొనాలా వద్దా అన్నది ఆ ముఖం మీదే తేలుతుంది. ప్రకటనలో ఎంత గొప్ప బొమ్మ ఉన్నా, గేటు దాటాక అది ఆగి ఉంటే ఆ గొప్పతనమే ఎదురు తిరుగుతుంది. మామూలు కోస్టర్ ఆగి ఉంటే ఎవరూ అంతగా పట్టించుకోరు. "ప్రపంచంలోకెల్లా ఎత్తయినది" ఆగి ఉంటేనే కడుపు మండేది.

ఏ కోస్టర్ ఉంటుంది, ఏది పోతుంది అన్నది ఎత్తు మీదా వేగం మీదా తేలే విషయం కాదు. కోనీ ఐలాండ్ సైక్లోన్ ఎత్తు 85 అడుగులే. 1970లలో పక్కనున్న అక్వేరియం పెంచడానికి దాన్ని తీసేద్దామనుకున్నారు. జనం అడ్డుపడ్డారు, బాగుచేసి 1975లో మళ్లీ తెరిచారు, 1988లో నగరం దాన్ని రక్షిత కట్టడంగా గుర్తించింది. జనం ప్రేమ ఒక్కటే నిలబెట్టిందని నేననుకోను. దాని పట్టా చెక్కది. పుచ్చిన పలక పీకి కొత్త పలక వేస్తే సరి, మంచి వడ్రంగి దొరికితే చాలు. అలా పలక పలక మార్చుకుంటూ వందేళ్లకు చేరువైంది. ఉక్కు కోస్టర్లకు ఇంకో అదృష్టం ఉంది, బోల్టులు విప్పి వేరే ఊరికి తీసుకుపోవచ్చు. ఇదే గ్రేట్ అడ్వెంచర్‌లో నిలబడి ఎక్కే గ్రీన్ లాంటర్న్ ఉండేది. అది 1997లో కెంటకీ కింగ్‌డమ్‌లో చాంగ్ అనే పేరుతో పుట్టింది. అక్కణ్నుంచి విప్పి తెచ్చి, రంగు మార్చి, పేరు మార్చి 2011లో ఇక్కడ నిలబెట్టారు. దానికి చోటు చేయడానికి 1989 నాటి గ్రేట్ అమెరికన్ స్క్రీమ్ మెషీన్‌ను తీసేశారు. చోటు కోసం ఇంకొకదాన్ని బలిచ్చి వచ్చిన గ్రీన్ లాంటర్న్ కూడా, విధి చూడండి, కింగ్డా కాతో పాటే తీసివేతల జాబితాకెక్కింది. కింగ్డా కాకు మాత్రం ఊరు మారే దారి కూడా లేకపోయింది. ఆ గోపురాన్నీ, ఆ హైడ్రాలిక్ రోగాన్నీ కలిపి కొనుక్కునేవాడు ఎవడు?

దీనికి అన్న ఒకడున్నాడు. ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో 2003లో వచ్చిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్. అదే తయారీదారు, అదే పద్ధతి, 420 అడుగులు. దాని రికార్డును తమ్ముడు రెండేళ్లకే లాగేసుకున్నాడు. 2021 ఆగస్టులో డ్రాగ్‌స్టర్ రైలు నుంచి ఒక లోహపు ముక్క ఊడి క్యూలో ఉన్న ఒక మహిళ తలకు తగిలింది, తీవ్ర గాయం. ఆ లాంచ్ మళ్లీ నడవలేదు. అయితే దాన్ని కూల్చలేదు. పాత గోపురం అలాగే ఉంచి, కేబుల్ తీసేసి, విద్యుదయస్కాంతాలతో తోసే మోటార్లు పెట్టారు. అవి ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు తోస్తాయి. వెనక్కి వెళ్లినప్పుడు ఎక్కడానికి ఇంకో 420 అడుగుల స్తంభం కూడా కట్టారు. టాప్ థ్రిల్ 2 అనే పేరుతో 2024 మేలో తెరిచారు. కొద్ది రోజులకే రైళ్లలో లోపం బయటపడి ఆ సీజనంతా మూసేశారు, మళ్లీ నడిచింది 2025లో.

2024 జులై 1న సీడార్ పాయింట్ యజమాని సీడార్ ఫెయిర్, సిక్స్ ఫ్లాగ్స్ ఒక్కటయ్యాయి. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటివాళ్లయ్యారు. అయిదు నెలలు తిరక్కుండానే తమ్ముడి ఆట కట్టింది. అన్నకు పెట్టిన ఖర్చు, ఆ తర్వాత పడ్డ తిప్పలు కళ్లముందే ఉన్న యజమాని తమ్ముడికి కూడా అదే వైద్యం చేయించడానికి వెనకాడి ఉంటాడని నా అనుమానం. తప్పు పట్టను. కేబుల్ లాంచ్ కాలం వెళ్లిపోయింది. ఇంటమిన్ కూడా ఎత్తయిన కోస్టర్లకు అయస్కాంతాల పద్ధతికే మళ్లింది. స్పెయిన్‌లో 2017లో వచ్చిన రెడ్ ఫోర్స్ అందుకు సాక్ష్యం. విడిభాగం అరిగితే కొత్తగా పోత పోయించుకోవాల్సిన యంత్రాన్ని ఎన్నాళ్లని మోస్తారు?

రికార్డు సంగతికొస్తే, వేగం పతకం 2010లోనే పోయింది. అబుదాబిలో గంటకు 240 కిలోమీటర్లతో ఫార్ములా రోసా వచ్చింది. ఎత్తు పతకం మాత్రం చివరిదాకా దీని మెడలోనే ఉంది. ఇప్పుడు సౌదీ అరేబియాలోని ఖిద్దియాలో కట్టిన ఫాల్కన్స్ ఫ్లైట్ 600 అడుగులు దాటింది. ఆ పార్కు పేరులోనూ సిక్స్ ఫ్లాగ్స్ ఉంది. పతకం ఇల్లు దాటలేదు, దేశం మాత్రం మారింది.

గోపురం ఎత్తును పార్కు ఇంకో రకంగా కూడా వాడుకుంది. 2014లో దాని పక్కలకు మూడు కుర్చీల గుత్తులు తగిలించి, 415 అడుగుల నుంచి జారవిడిచే జుమంజారో మొదలుపెట్టింది. అలాంటివాటిలో అదే ప్రపంచంలో ఎత్తయినది. ఒక గోపురానికి రెండు రికార్డులు. గోపురం కూలినరోజు రెండూ కూలాయి. జుమంజారోను తలుచుకుని ఏడ్చినవాళ్లు తక్కువ, పాపం.

నాకు నచ్చనిది ఒక్కటే, పంపిన తీరు. నవంబర్ 10 ఆదివారం పార్కు మామూలుగా మూతపడింది. ఇదే చివరి రోజని బోర్డు పెట్టలేదు, ప్రకటన ఇవ్వలేదు. పుకార్లు విన్నవాళ్లు అనుమానంతో వచ్చి క్యూలో నిలబడ్డారు, వినని వాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయారు. నాలుగు రోజుల తర్వాత, 14న, అధికారికంగా చెప్పారు. కింగ్డా కా ఇక లేదని, దాని జాగాలో 2026లో అనేక రికార్డులు బద్దలుకొట్టే కొత్త లాంచ్ కోస్టర్ వస్తుందని. చివరి పరుగు అయిపోయాక చెప్పినా చెప్పకపోయినా ఒకటే. చిన్నప్పుడు ఎత్తు చాలక వెనక్కి పంపబడి, పెరిగి వచ్చి ఎక్కిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. కాలిఫోర్నియాలో ఉన్నవాడు, టెక్సాస్‌లో ఉన్నవాడు టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లు, ఒక్క మాట ముందు చెప్పుంటే.

ఇలా చేయడం తప్పనిసరి కూడా కాదు. ఒహాయోలోని కింగ్స్ ఐలాండ్ 1987 నాటి తన వోర్టెక్స్‌ను తీసేయాలనుకున్నప్పుడు 2019 సెప్టెంబర్‌లోనే చెప్పింది. అక్టోబర్ 27 చివరి రోజు అంది. ఆ నెలంతా జనం వచ్చారు, ఎక్కారు, ఫొటోలు దిగారు, వీడ్కోలు చెప్పారు. ఆ వోర్టెక్స్ దేశమంతా ఎరిగిన పేరు కూడా కాదు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కోస్టర్‌కు ఆ మాత్రం మర్యాద దక్కలేదు. ముందే చెప్తే రద్దీకి తట్టుకోలేమనో, ఆ చివరి రోజే యంత్రం మొరాయిస్తే పరువు పోతుందనో భయపడి ఉండొచ్చు. ఆ యంత్రం చరిత్ర తెలిసినవాళ్లకు ఆ భయం అర్థమవుతుంది. అయినా, నడిచినంతసేపు నడుస్తుంది, ఆగితే ఆగుతుంది అని చెప్పి పెట్టి ఉంటే ఎవరూ తగువుకు వచ్చేవాళ్లు కాదు. దానితో ఇన్నేళ్లుగా అలాగే సర్దుకుపోయినవాళ్లే కదా అందరూ.

కొత్త కోస్టర్ వస్తే మా మేనల్లుడు మొదటి వారమే వెళ్తాడు, నన్నూ లాక్కుపోతాడు. ఈలోగా ఆ పార్కులోనే 2006 నాటి ఎల్ టోరో ఉంది, 2001 నాటి నైట్రో ఉంది. ఎక్కడానికి కొదవలేదు. కానీ ప్రతి బోల్టుకూ ప్రతి టికెట్‌కూ లెక్క కట్టే సంస్థ, దేశం నలుమూలల నుంచి జనాన్ని రప్పించే ఒక ఆఖరి వారాంతాన్ని ఎలా వదులుకుందో నాకింకా అంతుపట్టలేదు. ఆ రెండు రోజుల పార్కింగ్ ఫీజులతోనే పేలుడు పదార్థాల ఖర్చు వచ్చేసేదేమో.